అప్ప కుర్చీకి నేను రాసిన ఉత్తరం

రోజు 203

పొద్దున్నే ఏడుగురు వచ్చారు. ఏడుగురిదీ ఒకటే మాట, కష్టపడి పని చేస్తానని రాయండి బాబూ అని. బయట ఊపిరాడక గోడల మధ్య బతికే ఈ గుల్లలో కష్టపడనివాడెవడు? కష్టపడకపోతే గాలి ఇవ్వరు. ఉత్తరంలో ఆ మాట రాయడం, నాకు రెండు కాళ్లున్నాయి అని రాసుకోవడంతో సమానం. ఇరవై రెండేళ్లుగా చెబుతున్నాను, ఒక్కడి బుర్రకీ ఎక్కదు.

వాళ్లకి చెప్పిందే ఇక్కడా రాసుకుంటాను, కాస్త కోపం తగ్గుతుంది. ఉత్తరం 'నేను' అని మొదలుపెట్టకూడదు. కుర్చీ పనేమిటో మొదటి వాక్యంలో ఉండాలి. మీ మంచితనం ఎవరికీ అక్కర్లేదు. చేసిన పని ఒకటి, అంకెతో సహా కావాలి. ఒక పేజీ దాటితే చదివేవాళ్లకి దయ పుడుతుంది. దయతో కుర్చీ రాదు. చివర్లో నంగి మాటలు లేకుండా, ఆ కుర్చీ నాకు కావాలి అని అడగాలి.

ఇది నా సొంత పుస్తకం. ఉత్తరాల గది పుస్తకం వేరే ఉంది. అందులో పేర్లూ తేదీలే తప్ప అబద్ధమూ ఉండదు, నిజమూ ఉండదు. రాతగాడు కుర్చీ దిగిన రోజున సొంత పుస్తకం కూడా అతనితోపాటే బయటికి పోతుంది, ఎవరూ తెరిచి చూడరు. అది ఇక్కడి ఆచారం. అందుకని ఇందులో నోటికొచ్చింది రాసుకుంటాను.

మధ్యాహ్నం తొట్టిబియ్యం కాపలాదారు కుర్చీ చదువు జరిగింది. ఉత్తరం నేను రాసిందే. ఎవరి కుర్చీ కోసం ఉత్తరం వస్తే వాళ్లే దాన్ని అందరి ముందూ పైకి చదవాలి, ఉత్తరం గెలిస్తే కుర్చీ దిగి బయటి పనికి పోవాలి. 'నెలలో తొమ్మిది రోజులు తొట్టి మూత తెరిచే ఉంది' అన్న చోటికి వచ్చేసరికి కాపలాదారు ఉత్తరం దించి కళ్లు తుడుచుకున్నాడు. చదువుతూ ఏడ్చాడంటే వాక్యం సరిగ్గా పడిందన్నమాట. మిగతా సగం కన్నీళ్లలోనే చదివాడు పాపం. నాకు మాత్రం ఆకలి దంచేసింది.

రోజు 204

భోజనం ఎప్పటిలాగే అప్ప ఇంట్లో. అప్ప అంటే మా అక్క పైడమ్మ, నాకంటే ఆరేళ్లు పెద్దది. అమ్మ బయటి సూర్యపలకల పనికి వెళ్లి నాలుగో నెలలో పోతే, పన్నెండేళ్ల అప్ప నన్ను చంకనెత్తుకుని తిరిగింది. తన వంతు గాలిలో సగం నాకు పట్టించి, మగతగా గోడకి చేరబడి కూర్చునేదని చుట్టుపక్కలవాళ్లు ఇప్పటికీ చెబుతారు.

అప్పది చెవిపని. యంత్రాల చెవులు దుమ్ము పట్టి పాడైపోయిన దగ్గర్నించి గుల్ల గోడలు వినడానికి మనుషులే దిక్కు. రోజూ పదమూడు సందులు తిరిగి, గోడకి చెవి ఆనించి, ఎక్కడైనా గాలి కారుతోందేమో విని, గోడల రిజిస్టరులో గుర్తు పెట్టాలి. ముప్ఫై ఏళ్లుగా చేస్తోంది. గుల్ల మొత్తం మీద నేను భయపడకుండా నిద్రపోతున్నానంటే, గోడల చుట్టూ అప్ప తిరుగుతోందనే.

తొట్టి మూత వాక్యం చెప్పాను. "మళ్లీ సెప్పు" అంది. మళ్లీ చెప్పాను. ఈమధ్య నా వాక్యాలు ప్రతిదీ రెండుసార్లు చెప్పించుకుంటోంది. గుల్లలో నా రాత విలువ తెలిసినది అప్ప ఒక్కతే.

రోజు 209

ఒకామె వచ్చింది. పేరు సన్యాసమ్మ, ఇరవై ఏడేళ్లు. నాలుగేళ్లుగా బయట సూర్యపలకల మీద దుమ్ము తుడుస్తోంది. ఆ పనిలో నాలుగేళ్లు ఉండి మాట్లాడగలిగిన మనిషిని ఇదివరకు చూడలేదు. దగ్గు మొదలైంది. ఇంకో ఏడాది ఉంటుందేమో. అలాంటివాళ్లని నా బల్ల ముందు కూర్చోబెట్టుకోవడం నాకిష్టం ఉండదు, కుర్చీ మీద బూడిద దుమ్ము మిగులుతుంది.

ఏ కుర్చీకి అని అడిగాను.

"సెవిపని కుర్చీకి బాబూ."

గుల్లలో చెవిపని కుర్చీ ఒక్కటే ఉంది. కలం కింద పెట్టేసి, ఇంకేదైనా చూసుకోకూడదా, కూరల తొట్లున్నాయి, నీళ్ల గది ఉంది అన్నాను. ఆ పనులు రావంది. వినడం ఒక్కటే వచ్చునంది. ఆ కుర్చీలో ఉన్నది నా అప్ప అని తెలుసా అని అడిగాను. తెలుసట. వేరే రాతగాడు లేడు కదా బాబూ, ఎవరికాడికెల్లాల అంది.

నిజమే, లేడు. కుర్చీ లేని మనిషి అడిగితే రాతగాడు రాయననడానికి వీల్లేదు. అలా అంటే రాతగాడి కుర్చీయే పోతుంది. ఎవరి కుర్చీకి రాస్తున్నదీ పెద్ద సాక్షికి తప్ప ఇంకెవరికీ చదువు రోజు దాకా చెప్పకూడదు. ఈ రెండు నియమాలూ నేనే ఎందరికో గర్వంగా వివరించాను.

రేపు రమ్మన్నాను.

రోజు 210

చదువులు జరిపించే పెద్ద సాక్షి జగన్నాయకులు గారి దగ్గరికి వెళ్లి, సొంత అప్ప మీద ఉత్తరం కదా, దీనికి మాత్రం వేరే ఎవరైనా రాస్తే బాగుంటుందేమోనని నీళ్లు నమిలాను. ఆయన చాలా నెమ్మదైన మనిషి. ఇంకెవరికి రాత వచ్చునయ్యా అన్నారు. యంత్రాలు రాసిచ్చే రోజుల్లో ఊరంతా రాత మరిచిపోయింది, అందరి ఉత్తరాలూ ఒకేలా మెరిసిపోయేవి, ఎవడు పనివాడో ఎవడు కాదో తెలియక సగం గుల్ల చచ్చింది, మళ్లీ ఆ రోజులు కావాలా అన్నారు. వద్దన్నాను. వెళ్లేముందు ఇంకో మాట కూడా అన్నారు: ఉత్తరం బలహీనంగా ఉంటే నాకు తెలిసిపోతుంది తవిటయ్యా, నీ చెయ్యి ఎలా ఉంటుందో నాకు తెలుసు.

నా మంచి పేరు నా మెడకే చుట్టుకుంది.

రోజు 212

సన్యాసమ్మని రెండు పూటలు కూర్చోబెట్టి అడిగాను. ఎక్కడైనా గొప్పలు పోతుందేమో, పట్టుకుందామని చూశాను. ఊహూ. అడిగినదానికే చెబుతుంది, తెలియకపోతే తెలియదంటుంది. అబద్ధం ఆడడం రాని మనిషి నా వృత్తిలో పెద్ద ఇబ్బంది.

బయట పలకలు తుడుస్తూ గుల్ల గోడ పక్కగా నడిచేటప్పుడు, దుమ్ము నిలవని చోట్లు కనిపిస్తాయట. అక్కడ ముసుగు గోడకి ఆనించి వింటుందట. అలా నాలుగేళ్లలో తొమ్మిది చోట్ల గాలి కారడం పట్టుకుంది. బయటి మేస్త్రీ పుస్తకంలో తొమ్మిదీ ఉన్నాయి, వెళ్లి చూసుకున్నాను. తేదీలతో సహా సరిపోయాయి.

గది గోడ అవతల ఎవరున్నారో చెప్పమన్నాను, పరీక్షకి. కాసేపు చెవి ఆనించి, ఒక మనిషి కూర్చుని గోళ్లు కొరుక్కుంటున్నాడంది. వెళ్లి చూస్తే, రేపటి ఉత్తరం కోసం వచ్చినవాడు బల్ల మీద కూర్చుని అదే పనిలో ఉన్నాడు.

అప్పుడు భయం వేసింది. అప్పకి యాభై రెండేళ్లు. బయటికి పోతే అమ్మ లాగా నాలుగు నెలలైనా ఉండదు.

రోజు 213

ఉత్తరం మొదటి వాక్యం తనంతట తనే వచ్చేసింది. 'ఈ కుర్చీ పని గోడ వినడం. నాలుగేళ్లుగా ఆ గోడనే నేను అవతలి నుంచి తుడుస్తున్నాను.' రాసి, చదువుకుని, చాలా బాగుందనుకున్నాను. అప్ప మీద రాస్తున్న ఉత్తరమని ఒక్క క్షణం మరిచిపోయాను. సిగ్గు వేసింది. కానీ కొట్టెయ్యలేదు.

తొమ్మిది చోట్లూ రాశాను. గోళ్లు కొరికినవాడి సంగతి రాశాను. నడిచే వేగం, చదువు రాకపోయినా గుర్తులు పెట్టగలగడం రాశాను. పేజీలో ముప్పావు వంతు నిండేసరికి ఇక కుర్చీ ఆమెదే అని నాకే అనిపించింది. జగన్నాయకులు గారు అనుకున్నట్టే చెయ్యి దాని పని అది చేసుకుపోయింది.

రోజు 214

దారి దొరికింది.

చదివే మనిషి ఏదైనా ఒక మాటని అబద్ధమంటే, అది నిజమని రాయించుకున్నవాళ్లు చూపించాలి. చూపించలేకపోతే ఉత్తరం చించేస్తారు. వాళ్లకి మళ్లీ నాలుగేళ్ల దాకా ఉత్తరం ఉండదు. సన్యాసమ్మకి నాలుగేళ్లు లేవు. అంటే ఒక్క అబద్ధం పెడితే చాలు, అప్ప జీవితాంతం నిశ్చింత.

బలహీనమైన ఉత్తరం రాస్తే ముప్ఫై రోజుల్లో మళ్లీ వస్తుంది. అబద్ధమైతే మరి రాదు. ఆమె ఏమైపోతుందని ఆలోచించానా? ఆలోచించాను. ఒక కప్పు టీ చల్లారేంతసేపు.

గోడల రిజిస్టరు తెప్పించుకున్నాను. అప్ప చేతిరాత ముప్ఫై ఏళ్లుగా చూస్తున్నదే. పనితొందరలో 'శుభ్రం' అన్న మాట కోడి గీరినట్టు ఉంటుంది. ముప్ఫై ఒకటో రోజు నుంచి మూడు రోజులు మాత్రం, పదకొండో సందు దగ్గర, 'శుభ్రం' అని ముత్యాల్లాంటి అక్షరాలు. అంత శ్రద్ధగా విన్న రోజులన్నమాట. ఆ మూడో రోజే కుట్టుపని నీలయ్య ఆ సందులో నిద్రలో పోయాడు, గుండె ఆగిందని రాసుకున్నారు. అతని ఖాళీ కుర్చీ కోసం నేను ముప్ఫై ఉత్తరాలు రాశాను, వేళ్లు వాచిపోయాయి.

ఆ రోజులే ఎంచుకున్నాను. అబద్ధం ఎంత ఘోరంగా ఉంటే అప్పకి అంత కోపం వస్తుంది. ఇలా రాశాను: 'ముప్ఫై ఒకటో రోజున పదకొండో సందు గోడలో గాలి కారుతున్న చప్పుడు విని కూడా, ఆమె మూడు రోజులు ఎవరికీ చెప్పలేదు.'

గుల్లలో ఎవరి మీద రాసినా నమ్ముతారు గానీ పైడమ్మ మీద రాస్తే నమ్మరు. అందుకే అది మంచి అబద్ధం.

రోజు 215

సన్యాసమ్మకి ఉత్తరం చదివి వినిపించాను. ఆ వాక్యం వదిలేసి చదివాను. ఆమె వేలు పేజీ మీద వరసగా నడుస్తోంది, నా గొంతుతో పాటు. చదువు రాకపోయినా అలా నడిపిస్తారు కొందరు. వేలు ఆ వాక్యం మీదికి వచ్చేసరికి నేను తరవాతి వాక్యంలో ఉన్నాను. ఆమెకి తెలియలేదు.

విని, వేలు పేజీ మీంచి తీసింది. తరవాత, నా గురించి ఇంత మంచిగా ఎవరూ సెప్పనేదు బాబూ అంది. వేలిముద్ర వేసి, ఏమైనా తింటారా, బయటి మేస్త్రీ ఉప్పు వేసిన చిక్కుడు గింజలిచ్చాడు అని ఒక పొట్లం బల్ల మీద పెట్టింది. తిన్నాను. బాగున్నాయి.

రోజు 218

అప్ప ఇంట్లో భోజనం. నేను చాలా హుషారుగా ఉన్నాను. రెండు రోజుల్లో జరగబోయేది తలుచుకుంటే నవ్వొస్తోంది: అప్ప చదువుతూ చదువుతూ ఆ చోటికి వచ్చి, ముక్కు పుటాలెగరేసి, ఎవర్రా ఈ కూత కూసినది అని అరవడం, ఉత్తరం చిరగడం. ముందే చెబితే ఆ కోపం రాదు. పైగా చెప్పకూడదన్న నియమం ఉంది. పైగా, రాసుకోవడానికి మొహమాటమెందుకు, నా పన్నాగం ఎలా పండుతుందో చూడాలని ఉంది.

అప్ప ఈరోజు సరిగ్గా తినలేదు. అన్నం కెలుకుతూ కూర్చుంది. "తవిటీ, నీతో ఒక మాట సెప్పాల" అంది. చెప్పమన్నాను. ఎలా చెప్పాలో తెలియనట్టు చూసింది. ఈలోగా నాకు ఉదయం రాసిన నీళ్ల గది ఉత్తరంలో మంచి వాక్యమొకటి గుర్తొచ్చి, ముందు ఇది విను అని మొదలుపెట్టాను. విన్నది. రెండోసారి చెప్పమనలేదు. గంట కొట్టారు, లేచి వచ్చేశాను.

రోజు 220

చదువు రోజు. కూడలి గదిలో నూటయాభై మంది దాకా ఉన్నారు. చెవిపని కుర్చీకి ఉత్తరం రావడం ముప్ఫై ఏళ్లలో ఇదే మొదలట. జగన్నాయకులు గారు మధ్యలో, ఆయనకి కుడివైపున సన్యాసమ్మ, ఎడమవైపున అప్ప. నేను రాతగాడి బల్ల దగ్గర, అప్పకి ఎదురుగా.

ఉత్తరం అప్ప చేతికిచ్చారు. చేతిరాత చూడగానే నా వైపు ఒకసారి చూసి, చదవడం మొదలుపెట్టింది. నిదానంగా, పదం పదం. నేను నేర్పిన చదువే. తొమ్మిది చోట్లూ చదివింది. వింటున్నవాళ్లలో ఒక మెచ్చుకోలు కదిలింది. అప్ప కూడా తలూపింది, పనిమంతురాలే అన్నట్టు.

ఆ వాక్యం వచ్చింది. పైకి చదివింది. ఆగిపోయింది. నేను బల్ల కింద చేతులు బిగించి ఎదురుచూస్తున్నాను. అను అప్పా, అబద్ధమని అను.

అప్ప మళ్లీ అదే వాక్యం చదువుకుంది, ఈసారి లోపల. పెదాలు మాత్రమే కదిలాయి.

జగన్నాయకులు గారు అడిగారు. "పైడమ్మా, ఆ మాటేటి? నిజమా, అబద్దమా?"

"నిజమే బాబూ."

నాకు మొదట అర్థం కాలేదు. అప్ప మాట తడబడిందేమో, సరిచేసుకుంటుందేమో అనుకున్నాను.

"ఏడాది నించీ సెవుల్లో ఒకటే రొద" అంది అప్ప. "ఆ రోజు గోడ కూసిందో, నా సెవే కూసిందో తెలవనేదు. ఎవుర్నన్నా అడిగితే సెవులు సూపించమంటారు, కుర్చీ పోద్ది. బయమేసి సుబ్రమని రాసీసినాను. మూడోనాడు సెయ్యెట్టి సూస్తే గాలి సల్లగా తగిలింది. మైనం ఎట్టీసినాను. అప్పుటికే నీలయ్య పోయినాడు."

ఆ ముత్యాల్లాంటి అక్షరాలు కళ్ల ముందుకొచ్చాయి. అబద్ధం రాసే చెయ్యి వణక్కూడదని ఎంత జాగ్రత్త పడుతుందో, ఇరవై రెండేళ్లు అక్షరాలతో బతికిన నాకు తెలియలేదు. ప్రతి వాక్యం రెండోసారి ఎందుకు అడిగిందో అప్పుడు తెలిసింది. నా రాత మీద ఇష్టంతో కాదు, వినపడక.

నీలయ్య భార్య ఎక్కడో వెనక నుంచి సన్నగా ఏడుస్తోంది. అప్ప అటు తిరిగి రెండు చేతులూ జోడించింది.

అంతటితో అయిపోయేది. సన్యాసమ్మ లేచింది. దగ్గు ఆపుకుని మాట్లాడింది. "బాబూ, ఆ మాట నాను సెప్పనేదు. నాకు సదివి ఇనిపించినప్పుడు కూడా అది నేదు. నాను సెప్పని మాటతో నాకు కుర్చీ ఒద్దు."

జగన్నాయకులు గారు నా వైపు తిరిగారు. ఆయన గొంతు ఎప్పుడూ పెరగదు. నెమ్మదిగా, చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెప్పారు. రాతగాడు తెలిసి రాస్తే అది ఉత్తరం. కల్పించి రాస్తే కాగితం. కాగితం మీద ఒప్పుకున్నది ఒప్పుకోలు కాదు, ఎవరూ దాన్ని మళ్లీ ఎత్తకూడదు, పైడమ్మ కుర్చీ పైడమ్మకే ఉంటుంది. కల్పించిన రాతగాడు మాత్రం బయటికి పోతాడు.

"సెప్పు తవిటయ్యా. తెలిసి రాసినావా, కల్పించినావా?"

ఒక్క మాట చాలు. కల్పించాను అంటే అప్ప ఇంటికి వెళ్లి అన్నం వండుకుంటుంది. అప్పని రక్షించడానికే కదా ఇంత చేశాను. నోరు తెరిచాను కూడా. బయటి గాలి ఎలా ఉంటుందో ఎప్పుడూ చూడలేదు నేను. అమ్మ శవాన్ని లోపలికి తెచ్చినప్పుడు ముఖమంతా బూడిద రంగులో ఉంది, కనురెప్పల మీద కూడా దుమ్ము. అది గుర్తొచ్చింది. నాకు నలభై ఆరేళ్లు. మెట్లెక్కితేనే ఆయాసం.

"తెలిసే రాశాను" అన్నాను.

తరవాత మాటలు వాటంతటవే వచ్చాయి, ఎప్పుడూ వచ్చేట్టే. సొంత అప్ప సంగతి చదువు రోజుకి ముందు బయటికి పొక్కకూడదని సన్యాసమ్మకి చదవలేదన్నాను. ఆరు నెలలు మనసులో పెట్టుకుని నలిగిపోయానన్నాను. ఒక్క పదం తడబడలేదు. అప్ప నన్నే చూస్తూ వింటోంది, పెదాలు చూసి మాటలు పోల్చుకుంటున్నట్టు.

జగన్నాయకులు గారు లేచి నా దగ్గరికి వచ్చి భుజం మీద చెయ్యి వేశారు. రక్తసంబంధం కూడా అడ్డురాని రాత ఇది, ఇలాంటి రాతగాడున్నంత కాలం గుల్లకి భయం లేదన్నారు. కొందరు చప్పట్లు కొట్టారు. రేపటి నుంచి నా గాలి వంతు ఒక పూట పెంచారు.

అప్పని రేపు పొద్దున్న పంపిస్తారు.

రోజు 221

బయటికి పోయేవాళ్లకి ముసుగు తాళ్లు దగ్గరి చుట్టం కట్టాలి. అప్పకి నేనొక్కడినే. రానని చెప్పి పంపుదామనుకున్నాను, జ్వరమని. కానీ నిన్న అంత పేరు తెచ్చుకున్నవాడు ఈరోజు రాకపోతే బాగుండదు. వెళ్లాను.

రెండు తలుపుల మధ్య చిన్న గది. లోపలి తలుపు దగ్గర అప్ప పీట మీద కూర్చుని ఉంది, నూలు చీర మీద బయటి కోటు తొడిగారు, రెండు సైజులు పెద్దది. సన్యాసమ్మ కొంచెం ఎడంగా నిలబడింది. చెవిపనివాళ్లు తలుపు పడ్డాక విని, గాలి కారడం లేదని చెప్పాలి. ఆమెకి కుర్చీలో అదే మొదటి పని. కుర్చీ వద్దని రాత్రంతా గొడవ పెట్టిందట, ఆ కుర్చీ ఖాళీగా ఉంటే అందరం చస్తామని జగన్నాయకులు గారు ఒప్పించారట.

తాళ్లు కడుతున్నాను. రెండుసార్లు వేసినా ముడి పడలేదు. అప్ప నా చేతులు తోసేసి కింది ముడి తనే వేసుకుంది. పై ముడి నాకు వదిలింది.

సన్యాసమ్మ తప్ప చుట్టూ ఎవరూ లేరు. ఆమె కూడా అటు తిరిగి నిలబడింది. చెప్పాలంటే అదే సమయం. అప్పా, నాకేమీ తెలియదు, నీ కుర్చీ నిలబెట్టాలని అబద్ధం కల్పించాను, అది నిజమై కూర్చుంది అని. చెబితే ఏమవుతుంది? తను అబద్ధమన్న ఒక్క మాట అని ఉంటే సరిపోయేదని తెలిసి వెళుతుంది. నిన్న నేను తనని అమ్మేశానని తెలిసి వెళుతుంది. చెప్పకపోవడమే దయ అని నాకు నేను చెప్పుకున్నాను. రాసుకుంటుంటే ఇప్పుడు తెలుస్తోంది, అది దయ కాదు, నాకు ముఖం చెల్లకే.

అప్పే అడిగింది. "నిజంగా నీకు తెలుసేటిరా?"

"తెలుసప్పా."

కాసేపు నా ముఖం చూసింది. కోపంగా చూసి ఉంటే నాకు తేలిగ్గా ఉండేది.

"మరి ఆర్నెల్లు ఒక్కపాలి అడగనేదేటిరా? నువ్వడిగితే సెప్పీసీదాన్ని. నీకు సెప్పాలని ఎన్నిపాల్లు నోటిదాకా వచ్చిందో. ఒక్కదాన్నీ మొయ్యనేక సచ్చిపోనాను తవిటీ. నువ్వు కూడా మోస్తన్నావని తెలిస్తే, ఇద్దరం కూకుని ఏడ్సీవోలం గదా."

నేను పై ముడి వేశాను. గట్టిగా పడింది. ముసుగు గాజు అవతల అప్ప ఇంకేదో అంటోంది గానీ వినపడలేదు.

మధ్య గదిలోకి నడిచింది. వెనక్కి తిరగలేదు. లోపలి తలుపు మూశారు. సన్యాసమ్మ వచ్చి తలుపుకి చెవి ఆనించింది. కళ్లు మూసుకుని చాలాసేపు విన్నది. తలుపు సరిగ్గానే పడింది, ఎక్కడా కారడం లేదని చెప్పింది. నేను వెళ్లబోతుంటే చెయ్యి ఎత్తి ఆపింది.

"ఇంకా ఎల్లనేదు బాబూ. తలుపుకి తల ఆనించి నిలబడుంది. బయటి తలుపు తెరిసీ దాకా అందులో గాలుంటాది. మీరు గట్టిగా అరిసి సెప్తే ఇనపడతాది. ఏటైనా సెప్తారా?"

చెప్పడానికేమీ లేదన్నాను. తలుపు దగ్గరి రిజిస్టరులో నా పేరు రాసి, చుట్టరికం అని ఉన్న చోట తమ్ముడు అని రాసి, సంతకం పెట్టి ఉత్తరాల గదికి వచ్చేశాను.